అరచేతి కింది మాటలు

మందిరం మేడ మీది గది

అక్కా,

వందనాలు. ఎలా ఉన్నావు? బావ నల్లద్దాలు పెట్టుకునే వెల్డింగ్ చేస్తున్నాడా, ఇంకా వీరుడిలా ఉత్త కళ్ళతోనే నిప్పురవ్వల్ని చూస్తున్నాడా?

నా ఫోను పలకడం లేదని కంగారు పడుతూ ఉంటావు. మేం పాత ఇల్లు ఖాళీ చేసి మందిరంలోకే వచ్చేశాం. మేడ మీద ఒక గది ఇచ్చారు. కిటికీ ఒకటే. బయటి లోకం కనబడితే మనసు చెదురుతుందని దాని అద్దాలకు తెల్లరంగు పూశారు, అయినా వెలుతురు బాగానే వస్తుంది. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. మీ మరిది వ్యాను తోలడం మానేసి ఇక్కడే గేటు కాపలా చూస్తున్నాడు.

ఫోన్లు గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి. బైబిళ్ళు కూడా. నవ్వకు! ఎవరి పుస్తకం వాళ్ళ దగ్గరుంటే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీస్తారని మందిరం నడిపే పెద్దాయన అంటారు. అందుకని ఆయనొక్కరే చదువుతారు. మాకు పొద్దున్నే తలా ఒక చీటీ ఇస్తారు. దాని మీద ఒక్క వాక్యం ఉంటుంది. రోజంతా పని చేసుకుంటూ అదే చెప్పుకోవాలి. నిజం చెప్పనా, నాకు హాయిగానే ఉంది. ఆ మాటకొస్తే మన ఇంట్లో బైబిలు ఎవరు చదివారు గనక? జ్వరమొస్తే అమ్మ తలగడ కింద పెట్టేది, తగ్గాక గుడ్డ చుట్టి మళ్ళీ పైన పెట్టేసేది.

మా బుల్లెమ్మ బాగుంది. పాటలు పాడుతోంది. దాని మాత్రల సంగతి నువ్వు అడుగుతావని తెలుసు. పెద్దాయన చెప్పిన మీదట కొంచెం తగ్గించాం. తగ్గించాం అంటే, ఆపేశాం. దాని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను.

నీ చెల్లి


కుట్టు మిషను ముందు నుంచి

ఒసేయ్ పిరికీ,

ఆపేశారా? ఆపేశాం అని ఎంత సులువుగా రాశావే! నీ ఉత్తరం వచ్చేటప్పటికి నా చేతిలో బడిపిల్లల చొక్కా ఉంది. ఆ మాట చదివి, కాలరు తలకిందులుగా కుట్టేశాను. షాపు యజమానురాలు చూసి నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్లు కూడా చెవికెక్కలేదు.

బల్లి కనబడితే మంచమెక్కి కేకలు పెట్టే దానివి, కన్నకూతురి మాత్రలు ఆపడానికి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందే? బస్సులో దానికి ఫిట్సు వచ్చిన రోజు మర్చిపోయావా? పెదాలు నీలంగా మారి, కళ్ళు తేలేసి, నా ఒళ్ళో కొయ్యబారిపోతే నువ్వు బస్సంతా దద్దరిల్లేలా ఏడ్చావు. ఆ తర్వాత డాక్టరమ్మ నిన్నూ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టి ఏం చెప్పింది? మందులు బాగా పని చేస్తున్నాయి, పిల్ల బాగుంది కదా అని మీకు మీరు ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది అని చెప్పలేదూ?

నాకు దేవుడంటే నమ్మకం లేదని అనకు. నీతో పాటే ప్రార్థన చేసి పెరిగాను. కానీ నాకిప్పుడు భయంగా ఉంది. ఈ ఉత్తరం అందిన పూటే మాత్ర వెయ్. వేసి, వేశానని ఒక్క ముక్క రాయి.

అక్క


మందిరం

ప్రభువునందు ప్రియ సహోదరికి,

మీ ఉత్తరం అందినది. మీరు లోకసంబంధమైన భయముతో వ్రాసినందుకు విచారించుచున్నాము. బిడ్డ క్షేమముగా ఉన్నది. మా కుటుంబము సంపూర్ణ ఇష్టముతో ఇక్కడ నివసించుచున్నది. తప్పు చేయనివాడు ఎన్నడైనను నశించెనా అని వాక్యము అడుగుచున్నది. కాబట్టి బిడ్డ రోగమునకు కారణమైన దాచిన పాపము బయటపడువరకు ఔషధములు వ్యర్థము.

ఇకమీదట ఇట్టి ఉత్తరములు వ్రాయవద్దని మనవి.

మీ సహోదరి


కుట్టు మిషను ముందు నుంచి

పిరికీ,

చేతిరాత నీదే. మాట మాత్రం నీది కాదు. 'విచారించుచున్నాము' అట! పుట్టి బుద్ధెరిగాక నువ్వెప్పుడైనా విచారించుచున్నావా? మీ బావ దాన్ని పైకి చదివి మొదట నవ్వాడు. తర్వాత చెప్పులేసుకుని, పద అన్నాడు.

వచ్చాం. నీకు చెప్పి ఉండరు. గేటు దగ్గర మీ ఆయనే ఉన్నాడు. నన్ను చూసి కూడా తాళం తియ్యలేదు. 'ఉపవాసంలో ఉంది వదినా, కలవకూడదు' అన్నాడు నేల చూపులు చూస్తూ. మరిదిగారూ, మీ పెళ్ళి బట్టలు కుట్టింది నేను, నా మొహం చూసి చెప్పండి అన్నాను. చూడలేదు. పోలీసుల దగ్గరికి పోయాం. వాళ్ళు వచ్చి అడిగితే నువ్వే గేటు దాకా వచ్చి, మేం ఇష్టంతో ఉంటున్నాం, పిల్ల బాగుంది అని చెప్పావట. తల్లే అలా అంటుంటే మేమేం చెయ్యాలమ్మా అని నన్నే అడిగారు. అంత దగ్గర్లో ఉండి కూడా నిన్ను చూడలేకపోయాను.

తిరిగి వస్తుంటే మీ వంటింటికి కోడిగుడ్లు తెచ్చిచ్చే ఆవిడ బయట ఖాళీ అట్టలు ఆటోలోకి ఎక్కిస్తూ కనబడింది. కాళ్ళావేళ్ళా పడ్డాను. ఈ ఉత్తరం గుడ్ల అట్ట కింద పెట్టి తెస్తానంది. జవాబు కూడా ఆవిడకే ఇవ్వు. తపాలాలో వచ్చేవి మీ పెద్దాయన చదువుతున్నాడని అర్థమైంది.

దాచిన పాపం ఏంటే? ఎవరిది? నిజం రాయి. పిల్లకి మళ్ళీ వచ్చాయా?

అక్క


వంటింటి వెనక సామాన్ల గది

అక్కా,

వచ్చాయి. మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. మొదట చిన్నగా, చెంచా చేతిలో పట్టుకుని అలా గోడకేసి చూస్తూ ఉండిపోయేది. ఇప్పుడు పడిపోతోంది. నిన్న నాలుక కొరుక్కుంది.

అది నా వల్లే అక్కా. నా చీటీ మీద రోజూ అదే వాక్యం వస్తోంది. అందరికీ మారుతుంది, నాకు మారదు. తప్పు చేయనివాడు ఎవడైనా నాశనమయ్యాడా అని. ఉల్లిపాయలు తరుగుతూ అదే, గిన్నెలు తోముతూ అదే. పెద్దాయన అందరి ముందూ నిలబెట్టి, దాచింది చెప్పెయ్ అమ్మా, పిల్లని విడిపించు అంటారు. నాకు తెలిసినవన్నీ చెప్పాను. చిన్నప్పుడు నీ దువ్వెన దాచి నువ్వే పారేసుకున్నావని చెప్పింది కూడా చెప్పాను. ఇంకా ఉంది, ఇంకా ఉంది అంటారు. నిన్న, చెయ్యని పాపం ఒకటి చేశానని చెప్పాను. అది విని మీ మరిది మొహం పాలిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. అయినా పిల్లకి తగ్గలేదు.

నువ్వు తిడతావు. కానీ ఆ మాట ఆయన కల్పించింది కాదు, బైబిల్లో ఉంది. నాకు అనుమానం వచ్చిందని తెలిసి ఆయనే పుస్తకం తెరిచి చూపించారు. వేలు పెట్టి చూపించారు. మిగతా పేజీ మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. ఆ ఒక్క వరస కనబడింది, పైన యోబు అన్న పేరు కనబడింది, అంతే. దేవుడి పుస్తకంలో అచ్చయి ఉన్న మాటని నేనెలా కాదంటాను? కాదంటే ఇంకేం జరుగుతుందో!

ఈ ఆదివారం పిల్లని లోపలి గదిలో ఉంచి ఉపవాస ప్రార్థన మొదలుపెడతారట. తలుపు వేసేస్తారు. పిల్లకి కూడా అన్నం నీళ్ళు ఉండవు. విడుదల వచ్చేదాకా తెరవరట. నన్ను బయటే ఉండమన్నారు. అక్కా, ఏం చెయ్యను?

నీ చెల్లి


కుట్టు మిషను ముందు నుంచి

నా తల్లీ,

ముందు ఇది విను. శనివారానికి మేం అక్కడుంటాం. మీ బావ డాక్టరమ్మ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాడు, నీ ఉత్తరం కూడా పోలీసులకు చూపిస్తాం. కానీ నువ్వు మళ్ళీ గేటు దగ్గరికొచ్చి పిల్ల బాగుంది అన్నావంటే, పోలీసులు మళ్ళీ వెనక్కి పోతారు. అందుకే ఈ ఉత్తరం.

నీ ఉత్తరం చదివాక అమ్మ బైబిలు దించాను. గుడ్డ విప్పితే పేజీలు అంటుకుపోయి ఉన్నాయి, అన్నేళ్ళుగా తెరిచిన పాపాన పోలేదు. నీకు జవాబుగా ఏదైనా మంచి వాక్యం దొరుకుతుందేమోనని అక్కడా ఇక్కడా తిప్పాను. స్వస్థత గురించి ఒకటి దొరికింది. ఎగిరి గంతేసినంత పని చేసి మీ బావకి చూపించాను. ఆయన అద్దాలు పైకి తోసి, 'వాళ్ళొక ముక్క వేస్తే నువ్వొక ముక్క వేస్తావా? పేకాటనుకున్నావా? అది అసలు ఎవరు ఎవరితో అన్న మాటో చూడు' అన్నాడు. చెంప మీద కొట్టినట్టయింది.

సరే, యోబు ఎక్కడుందో వెతికి మొదటినుంచీ మొదలుపెట్టాను. నిజంగా దేవుడే ఆ మాట అని ఉంటే? అప్పుడు నీకు ఏం రాయాలి, బుల్లెమ్మని ఎలా తెచ్చుకోవాలి? ఆ పాత భాష నోరు తిరగదు. ఒక్కో చోట రెండు మూడుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. నేను మిషను తొక్కుతుంటే మీ బావ చదివాడు, ఆయన గొంతు పోతే నేను చదివాను. మొదట్లోనే భయపడ్డాను. ఆ యోబు అనే ఆయన ఏ తప్పూ లేనివాడని దేవుడే చెబుతాడు. అయినా ఆయన ఆస్తి పోతుంది, పిల్లలు పోతారు, ఒళ్ళంతా కురుపులు లేస్తాయి. ఇదేం కథ దేవుడా అని పుస్తకం మూసేయబోయాను. మీ బావ మూయనివ్వలేదు.

అప్పుడు యోబు స్నేహితులు వస్తారు. మొదట ఊరికే పక్కన కూర్చుంటారు పాపం. తర్వాత నోళ్ళు తెరుస్తారు. వాళ్ళలో ఒకడు, తప్పు చేయనివాడు ఎవడైనా నాశనమయ్యాడా, గుర్తు చేసుకో అంటాడు. చూశావా? నీ చీటీ మీద మాట! అది దేవుడన్న మాట కాదే పిచ్చిదానా. పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషితో ఒక స్నేహితుడు అన్న మాట. నీదే తప్పు, ఒప్పుకో, ఒప్పుకో అని వాళ్ళు పేజీలకు పేజీలు ఆయన ప్రాణం తోడేస్తారు. ఆయన ఒప్పుకోడు. చెయ్యనిది చేశానని ఎలా చెప్పను అంటాడు. చివర్లో దేవుడు మాట్లాడతాడు. ఎవరి మీద కోప్పడ్డాడో తెలుసా? ఆ స్నేహితుల మీద. నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదు అంటాడు. అది చదివి మిషను మీద తల పెట్టుకుని భోరుమన్నాను. మీ బావ కూడా కళ్ళు తుడుచుకున్నాడు, అడిగితే వెల్డింగ్ వల్ల అన్నాడు.

కానీ నేను చెప్పానని నమ్మకు. నా మాట మీద నమ్మితే రేపు ఇంకొకరి మాట మీద నమ్ముతావు. నువ్వే చదువు. అందుకే బట్టలు కత్తిరించే కత్తెరతో అమ్మ బైబిల్లోంచి యోబు మొత్తం కోసేశాను. అమ్మ ఉంటే నా వీపు విమానం మోత మోగించేది. గుడ్ల అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. ఒక్క పేజీ కూడా ఆపలేదు, నాకు అర్థం కానివి, నచ్చనివి కూడా ఉన్నాయి. మొదటినుంచి చివరిదాకా చదువు తల్లీ. ఆదివారం లోపల చదువు.

అక్క


వంటింటి వెనక సామాన్ల గది

అక్కా,

పేజీలు అందాయి. అట్ట తీస్తుంటే వంటావిడ పక్కనే ఉంది, రెండు గుడ్లు చెయ్యి జారి పగిలాయి. అవి తుడిచే వంకతో పేజీలు రవికలో దోపాను.

పిండి బస్తాల వెనక కూర్చుని చదివాను. ఎవరైనా పిలిస్తే పేజీలు బస్తాల సందులో తోసి వెళ్ళి, పని చేసి, మళ్ళీ వచ్చేదాన్ని. పెద్దాయన అరచెయ్యి పెట్టిన పేజీ వచ్చింది. వేలు ఎక్కడుందో, చెయ్యి ఎంత వరకు ఉందో నాకు బాగా గుర్తు. చెయ్యి కింద ఆ మాట ఎవరన్నారో ఉంది. ఆయనకు తెలుసక్కా. తెలిసే మూశాడు.

చివరిదాకా చదివాను. నువ్వు చెప్పినట్టే ఉంది. కానీ నువ్వు చెప్పనిది కూడా ఒకటి ఉంది. ఎందుకు అంత కష్టం వచ్చిందో దేవుడు యోబుకి చెప్పనే చెప్పలేదు. చెబుతాడేమోనని ఒక్కో వరసా చూస్తూ వెళ్ళాను. చెప్పలేదు. బుల్లెమ్మకి ఎందుకు వచ్చిందో నాకూ తెలియదన్నమాట, ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ నీ పాపం వల్ల అని మాత్రం దేవుడు అనలేదు. అనని మాట ఆయన నోట్లో పెట్టి, నేను నా పిల్లకి మందు లేకుండా చేశానక్కా.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. నేను చదువుతుంటే మీ మరిది తలుపులో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. చెయ్యి చాపాడు. పేజీలన్నీ ఇచ్చేశాను. నేను ఒప్పుకున్న ఆ పాపం అబద్ధమని చెప్పాను. పేజీలు తీసుకుని గేటు గదికి వెళ్ళిపోయాడు. పెద్దాయనకు ఇస్తాడో, ఏం చేస్తాడో తెలియదు. గేటు తాళంచెవి మీ మరిది దగ్గరే ఉంది. పిల్ల మళ్ళీ గోడకేసి చూస్తోంది. గుడ్లావిడ వచ్చేసింది, ఇది ఇచ్చేస్తున్నాను. మా కోసం ప్రార్థన చెయ్, కానీ బస్సు మాత్రం మానకు.

నీ చెల్లి


ఆసుపత్రి వరండా, బెంచీ మీద

అక్కా,

మందిరానికి వెళ్ళకు. మేం బయటపడ్డాం. పెద్దాసుపత్రిలో ఉన్నాం. ఈ కాయితం మీ మరిది చేత బస్టాండుకు పంపుతున్నాను, నువ్వు దిగగానే ఇస్తాడు. ఫోన్లు మందిరంలోనే ఉండిపోయాయి. సొంత అక్క నంబరు మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తులేదు, తిట్టాలనుంటే తీరిగ్గా తిట్టు.

మీ మరిది గేటు గదిలో కూర్చుని పేజీలన్నీ చదివాడట. పొద్దున నేను నీళ్ళు పడుతుంటే వచ్చి, 'ఆ స్నేహితుల్లో నేనూ ఒకణ్ణే కదా' అన్నాడు. నేను పిల్లని ఎత్తుకొచ్చేటప్పటికి తాళం తీసి ఉంది. గుడ్లావిడ ఆటోలో, ఖాళీ అట్టల మధ్య కూర్చున్నాం. దారిలోనే పిల్లకి ఫిట్సు వచ్చాయి అక్కా. ఆగలేదు. ఎంతకీ ఆగలేదు. ఆసుపత్రి మెట్ల మీద నా చేతుల్లోంచి పిల్లని లాక్కుని పరుగెత్తారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. నేను తలొంచుకుని విన్నాను.

పెద్దాయన ఇక్కడికీ వచ్చాడు. వరండాలో అందరి ముందూ, చూశావా, బయటికి తెచ్చావు, ఇంత పని జరిగింది అన్నాడు. పుస్తకం తెరిచి, మళ్ళీ అలాగే వేలు పెట్టాడు. నేను చెయ్యి చాపి, ఇలా ఇవ్వండి, పైనా కిందా కూడా చదువుకుంటాను అన్నాను. ఇవ్వలేదు. నేను పుస్తకం అంచు పట్టుకున్నాను. ఆయన నావైపు ఎలా చూశాడో చెప్పలేను. నర్సమ్మ వచ్చి ఇది ఆసుపత్రి, బయటికి నడవండి అనేదాకా వదల్లేదు. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడేమోనని మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను.

బుల్లెమ్మ కళ్ళు తెరిచింది. మొదట నన్ను గుర్తుపట్టలేదు. నా ప్రాణం అక్కడే పోయింది. కాసేపటికి అమ్మా అంది. మాట ముద్దగా వస్తోంది, మెల్లగా సర్దుకుంటుందంటున్నారు, అన్నీ సర్దుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. నీళ్ళు తాగించాను. అప్పుడు నా చెవి దగ్గరికి తెమ్మంది. 'అమ్మా, నేను చెడ్డపిల్లననేనా దేవుడు నన్ను పడేస్తున్నాడు?' అని అడిగింది.

నా చీటీ మీది మాట అది కూడా రోజూ వింటూనే ఉందక్కా. అందరూ నా పాపం వెతుకుతుంటే, అది దుప్పట్లో పడుకుని దాని పాపం వెతుక్కుంది. అన్నం పారబోశానమ్మా, అందుకేనా? పాట మధ్యలో నవ్వానమ్మా, అందుకేనా? ఒక్కొక్కటే అడిగింది.

కాదు తల్లీ, కాదు అన్నాను.

'నీకెలా తెలుసు? పెద్దాయన చెప్పాడా?' అంది.

ఎవరూ చెప్పలేదమ్మా, నేనే చదివాను, మొత్తం చదివాను అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసి, నా వేలు పట్టుకుని నిద్రపోయింది. త్వరగా రా అక్కా.

నీ చెల్లి